హ్యాంక్ విలియమ్స్ జీవితం, పాటలు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికన్ కంట్రీ సంగీతం వినడం మొదలుపెట్టిన వాళ్లకు హ్యాంక్ విలియమ్స్ విషయంలో ఎప్పుడూ అవే సందేహాలు వస్తుంటాయి. వాటిని ఒకచోట చేర్చాం. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. ఎక్కువమంది అడిగేది ఆయన మరణం గురించే. ఆయన మిగిల్చి వెళ్ళింది మాత్రం పాటలు. అందుకే ఇక్కడ వాటికే ఎక్కువ చోటిచ్చాం.

## ముందుగా తెలుసుకోవాల్సినవి

హ్యాంక్ విలియమ్స్ ఎవరు? క్లుప్తంగా చెప్పండి.

అలబామా రాష్ట్రంలో 1923 సెప్టెంబర్ 17న పుట్టిన గాయకుడు, పాటల రచయిత. మొదటి రికార్డింగు 1946 డిసెంబర్‌లో, చివరిది 1952 సెప్టెంబర్‌లో. అంటే ఆయన స్టూడియో జీవితం ఆరేళ్లకు కొంచెం తక్కువ. 1953 జనవరి 1న, 29 ఏళ్ల వయసులో చనిపోయారు. ఆ కొద్ది కాలంలో రాసిన పాటలు ఈనాటికీ కంట్రీ గాయకులందరికీ పాఠ్యపుస్తకం.

నెట్‌లో వెతికితే ముగ్గురు హ్యాంక్ విలియమ్స్‌లు వస్తున్నారు. ఎవరు ఎవరు?

తాత, కొడుకు, మనవడు. ఈ పేజీ తాత గురించి. కొడుకు హ్యాంక్ విలియమ్స్ జూనియర్ 1949లో పుట్టారు. గడ్డం, నల్ల కళ్లద్దాలు, రాక్ కలిసిన గట్టి శబ్దం ఆయనవి. మనవడు హ్యాంక్ త్రీ, 1972లో పుట్టారు. కంట్రీతో పాటు పంక్, మెటల్ కూడా పాడారు. పాటల యాప్‌లలో తండ్రీకొడుకుల పాటలు తరచూ కలిసిపోతుంటాయి. డ్రమ్స్, ఎలక్ట్రిక్ గిటార్ల హోరు వినిపిస్తే మీరు కొడుకు పేజీలో ఉన్నట్టే.

ఆయన పాడింది "హాంకీ టాంక్" అంటారు. అదేమిటి?

హాంకీ టాంక్ అంటే అమెరికా దక్షిణాదిన శ్రమజీవులు సాయంత్రాలు చేరే సారాబడ్డీ లాంటి చోటు. డబ్బులేస్తే పాట పాడే జూక్‌బాక్స్ గానీ, చిన్న బ్యాండు గానీ ఉంటుంది. గ్లాసుల చప్పుడు, గొడవల మధ్య పాట వినబడాలంటే గొంతు సూటిగా ఉండాలి, లయ గట్టిగా ఉండాలి, మాట మొదటిసారికే అర్థం కావాలి. పాటల్లోని విషయాలూ అక్కడివే: మోసపోయిన ప్రేమ, తాగుడు, ఒంటరితనం, ఆదివారం ఉదయపు పశ్చాత్తాపం.

## బాల్యం

అసలు పేరు హ్యాంక్ కాదట, నిజమేనా?

నిజమే. అసలు పేరు హైరమ్. జనన ధ్రువపత్రంలో ఆ పేరు అక్షరం తప్పుగా నమోదైంది. పుట్టింది బట్లర్ కౌంటీలోని మౌంట్ ఆలివ్ అనే పల్లెలో. తండ్రి లాన్ కలప కంపెనీల రైళ్ల మీద పనిచేసేవారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడు. 1930 నుంచి ఏళ్ల తరబడి మాజీ సైనికుల ఆసుపత్రుల్లోనే ఉండిపోయారు. దాంతో ఇల్లు నడిపింది తల్లి లిల్లీ. ఆమె గదులు అద్దెకిచ్చి, భోజనం పెట్టే బోర్డింగ్ హౌస్‌లు నడిపి హ్యాంక్‌నూ, అక్క ఐరీన్‌నూ పెంచారు. తర్వాతి రోజుల్లో కొడుకు కచేరీలకు గేటు దగ్గర డబ్బు వసూలు చేసిందీ ఆమే.

ఆయనకు వెన్నునొప్పి ఎందుకు వచ్చింది? గుర్రం మీంచి పడ్డారా?

మూలం పుట్టుకతోనే ఉంది. స్పైనా బిఫిడా ఒకల్టా అనే లోపం వల్ల వెన్నుపూసలు వెనకవైపు పూర్తిగా మూసుకోలేదు. చాలామందిలో ఈ లోపం ఏ బాధా పెట్టదు, ఆయనను మాత్రం జీవితాంతం వేధించింది. అందుకే చిన్నప్పుడు బరువు పనులకు, ఆటలకు దూరంగా ఉన్నారు. సైన్యం కూడా రెండో ప్రపంచ యుద్ధ సమయంలో ఆయనను తీసుకోలేదు. ఆ రోజుల్లో కొంతకాలం మొబీల్ అనే అలబామా రేవు పట్టణంలో ఓడల కర్మాగారంలో పనిచేశారు. తర్వాత అలవాటైన తాగుడు, వాడిన నొప్పి మందులు ఈ బాధను పక్కన పెడితే సగమే అర్థమవుతాయి.

గిటార్ ఎవరు నేర్పారు?

రూఫస్ పేన్ అనే నల్లజాతి వీధి గాయకుడు. జనం ఆయనను టీ టాట్ అని పిలిచేవారు. జార్జియానా, గ్రీన్‌విల్ ఊళ్లలో వీధుల్లో పాడుతూ ఉంటే కుర్ర హ్యాంక్ వెంట తిరిగేవాడు. లిల్లీ ఇచ్చే చిల్లర గానీ, పెట్టే భోజనం గానీ ఆ పాఠాలకు ఫీజు అని చెబుతారు. పేన్ నేర్పింది తీగల మీద వేళ్లు ఎక్కడ పెట్టాలన్నది ఒక్కటే కాదు. లయను ఆపకుండా కొనసాగించడం, బ్లూస్ స్వరాలను సాగదీయడం, నిలబడి వినే జనాన్ని కదలనీయకుండా పట్టుకోవడం కూడా నేర్పారు. పేరొచ్చాక హ్యాంక్ తన సంగీత శిక్షణ అంతా ఆయన దగ్గరే అని చెప్పుకున్నారు.

పేన్ 1939లో మాంట్‌గొమరీలో పేదరికంలోనే చనిపోయారు. ఆయన పాడిన ఒక్క రికార్డూ లేదు. నల్లవాళ్లు, తెల్లవాళ్లు ఒకే బల్ల మీద కూర్చోకూడదన్న చట్టాలున్న రోజుల్లో ఈ పాఠాలు సాగాయి. కంట్రీ "తెల్లవాళ్ల సంగీతం" అనే మాట ఎంత అసంపూర్ణమో ఇక్కడే తెలుస్తుంది.

సంగీతం చదువుకున్నారా? స్వరలిపి వచ్చా?

రాదు. బడి కూడా పదహారో ఏట మానేశారు. పాట మాటలను దొరికిన కాగితం మీద, నోటు పుస్తకాల్లో రాసేవారు. బాణీ గొంతులోనే ఉండేది.

## రేడియో నుంచి రికార్డు దాకా

పేరు ఎలా వచ్చింది? ఒక్కసారిగా వచ్చిందా?

పదేళ్లు పట్టింది. 1937లో కుటుంబం మాంట్‌గొమరీకి మారింది. అక్కడి ఎంపైర్ థియేటర్ పోటీలో గెలిచి, డబ్ల్యూఎస్‌ఎఫ్‌ఏ రేడియో స్టేషన్‌లో పాడడం మొదలుపెట్టారు. డ్రిఫ్టింగ్ కౌబాయ్స్ అనే బ్యాండును కూడగట్టారు. ఆ కాలపు పద్ధతి ఇలా ఉండేది: పొద్దున రేడియోలో పాడి, సాయంత్రం ఏ ఊళ్లో కచేరీయో అదే కార్యక్రమంలో చెప్పడం, చీకటి పడేలోగా కారులో ఆ ఊరు చేరడం. రేడియో ఇచ్చే జీతం తక్కువ, అసలు ఆదాయం కచేరీ గేటు దగ్గరే. 1942లో తాగుడు కారణంగా స్టేషన్ ఆయనను తీసేసింది, తర్వాత మళ్లీ పిలిచింది.

ఫ్రెడ్ రోజ్ ఎవరు? పాటలన్నీ నిజానికి ఆయనే రాశారని విన్నాం.

అది తప్పు. ఫ్రెడ్ రోజ్ నాష్‌విల్‌లో గాయకుడు రాయ్ ఏకఫ్‌తో కలిసి ఏకఫ్-రోజ్ అనే పాటల ప్రచురణ సంస్థను 1942లో పెట్టిన అనుభవజ్ఞుడు. స్వయంగా రచయిత. హ్యాంక్ 1946 సెప్టెంబర్‌లో భార్య ఆడ్రీతో కలిసి ఆయన ఆఫీసుకు వెళ్లారు. ఆ డిసెంబర్‌లో స్టెర్లింగ్ అనే చిన్న కంపెనీకి నాలుగు పాటలు పాడారు. 1947లో రోజ్ ఆయనను ఎంజీఎం రికార్డ్స్‌లో చేర్చారు. ఎంజీఎంకు మొదటి పాట "మూవ్ ఇట్ ఆన్ ఓవర్" కంట్రీ జాబితాలో నాలుగో స్థానం దాకా వెళ్లింది.

రోజ్ చేసింది సంపాదకుడి పని. హ్యాంక్ తెచ్చిన పాటలో పొడుగైన చరణాన్ని కోసేవారు, కుంటే పాదాన్ని సరిచేసేవారు, ఏ పాట ఎప్పుడు రికార్డు చేయాలో తేల్చేవారు. నిజంగా కలిసి రాసిన "కా లైజా" లాంటి వాటిలో తన పేరు వేసుకున్నారు. భావం, గొంతు, గాయం హ్యాంక్‌వి. వాటిని మూడు నిమిషాల రికార్డులో పట్టించే నేర్పు రోజ్‌ది. మంచి రచయితకు మంచి సంపాదకుడు దొరకడం అరుదు. వీళ్లిద్దరికీ ఆ అదృష్టం దక్కింది.

"లవ్‌సిక్ బ్లూస్" ఆయన పాట కాదా?

కాదు. 1922 నాటి పాట. క్లిఫ్ ఫ్రెండ్, ఇర్వింగ్ మిల్స్ రాశారు. హ్యాంక్ ముందు ఎమెట్ మిల్లర్, రెక్స్ గ్రిఫిన్ రికార్డు చేశారు. లూసియానా హేరైడ్ అనే ష్రీవ్‌పోర్ట్ రేడియో కార్యక్రమంలో హ్యాంక్ దీన్ని పాడుతుంటే జనం ఊగిపోయేవారు. ఫ్రెడ్ రోజ్‌కు మాత్రం నచ్చలేదు. హ్యాంక్ తాను కోరినచోట స్వరాన్ని పట్టి ఉంచడంతో తాళం లెక్క తప్పుతోందని ఆయన అభ్యంతరం. 1948 డిసెంబర్ 22న సిన్సినాటిలోని హెర్జాగ్ స్టూడియోలో, సెషన్ చివర్లో మిగిలిన కాస్త సమయంలో దీన్ని ముగించారు. 1949లో విడుదలై 16 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. తాళం లెక్క తప్పిన ఆ చోట్లే శ్రోతలకు ప్రాణం లేచొచ్చినట్టనిపించింది.

గ్రాండ్ ఓల్ ఆప్రీ అంటే ఏమిటి? అంత గొప్పా?

నాష్‌విల్‌లోని డబ్ల్యూఎస్‌ఎం రేడియో 1925 నుంచి వారం వారం ప్రసారం చేస్తున్న కంట్రీ సంగీత కార్యక్రమం. ఆ స్టేషన్ తరంగాలు రాత్రిళ్లు అమెరికాలో సగం రాష్ట్రాలకు చేరేవి. ఆప్రీ సభ్యుడంటే ఊరూరా కచేరీకి గిరాకీ ఖాయం. హ్యాంక్ 1949 జూన్ 11న అక్కడ మొదటిసారి పాడారు. అప్పుడు వేదిక రైమన్ ఆడిటోరియం. జనం ఆరుసార్లు వెనక్కి పిలిపించి పాడించారన్నది అందరూ చెప్పే కథ. సంఖ్య విషయంలో పరిశోధకుల్లో ఏకాభిప్రాయం లేదు.

## పాటల పని

ఆయన పేరుతో ఉన్న పాటలన్నీ ఆయన రాసినవేనా?

ఎక్కువ భాగం ఆయనవే. తరచూ పొరబడేవి ఇవి: "లాస్ట్ హైవే" లియోన్ పేన్ రాసింది. "హాఫ్ యాజ్ మచ్" కర్లీ విలియమ్స్‌ది, ఇంటిపేరు కలిసినా బంధుత్వం లేదు. "టేక్ దీజ్ చెయిన్స్ ఫ్రమ్ మై హార్ట్" ఫ్రెడ్ రోజ్, హై హీత్‌లది. "కోల్డ్ కోల్డ్ హార్ట్", "హే గుడ్ లుకిన్", "యువర్ చీటిన్ హార్ట్", "ఐ సా ద లైట్", "ఐయామ్ సో లోన్‌సమ్ ఐ కుడ్ క్రై" ఆయన పేరు మీదే ఉన్నాయి.

మాటలు ఇంత మామూలుగా ఉన్నాయి కదా, గొప్పతనం ఎక్కడుంది?

"ఐయామ్ సో లోన్‌సమ్ ఐ కుడ్ క్రై" తీసుకుని చూడండి. 1949 ఆగస్టులో రికార్డు చేశారు. మూడు మాత్రల వాల్ట్జ్ నడక. నాలుగు చరణాలు, పల్లవి లేదు. ప్రతి చరణం చివర ఒకే పాదం వస్తుంది. మొదటి చరణంలో ఎగరలేనంత దిగులుగా అరిచే పక్షి, అర్ధరాత్రి రైలు కూత. తర్వాత మబ్బు చాటుకు పోయే చంద్రుడు, ఏడ్చే పిట్ట, చివరికి నిశ్శబ్దంగా రాలే నక్షత్రం. "నువ్వు వదిలేశావు" అన్న ఫిర్యాదు లేదు. ఎవరి మీదా కోపం లేదు. విడిపోయిన మనిషి ప్రస్తావన చివరి చరణంలో ఒక్క చిన్న వాక్యంలో వచ్చి వెళ్లిపోతుంది. బాధను చెప్పకుండా, బాధలో ఉన్న మనిషికి లోకం ఎలా కనిపిస్తుందో చూపించడం ఆయన పద్ధతి. కఠినమైన పదం ఒక్కటీ లేకుండా ఈ పని చేయడం ఎంత కష్టమో, ఒక చరణాన్ని సొంతంగా రాసి చూస్తే తెలుస్తుంది.

ఇంకో సంగతి. ఇంత గొప్ప పాటను రికార్డుకు రెండోవైపు వేశారు. మొదటివైపు "మై బకెట్స్ గాట్ ఎ హోల్ ఇన్ ఇట్". జూక్‌బాక్స్‌లో హుషారు పాటలే ఆడతాయని కంపెనీ లెక్క.

పాటల్లో డ్రమ్స్ ఎందుకు వినబడవు?

అప్పటి కంట్రీలో డ్రమ్స్‌కు చోటు తక్కువ, ఆప్రీ వేదిక కూడా వాటిని దూరంగానే ఉంచింది. వాటి పనిని మూడు వాద్యాలు పంచుకునేవి. డబుల్ బాస్ మొదటి దెబ్బ వేస్తుంది. రిథమ్ గిటార్ రెండో దెబ్బకు చిన్నగా మీటుతుంది. ఎలక్ట్రిక్ గిటార్ వాయించే వ్యక్తి అరచేతి అంచును బ్రిడ్జి (గిటార్ మీద తీగలు ఆనే పట్టీ) దగ్గర తీగల మీద ఆనించి, మందమైన లావు తీగలను "టక్ టక్" మని కొడతాడు. సిన్సినాటి సెషన్లలో జీక్ టర్నర్ చేసింది ఇదే. హెడ్‌ఫోన్‌లో వింటే ఆ శబ్దం స్పష్టంగా పట్టుబడుతుంది. ఒక మినహాయింపు "కా లైజా". దానిలో డ్రమ్ ఉంది.

వెనక ఏడుస్తున్నట్టు వినిపించే వాద్యం ఏది?

స్టీల్ గిటార్, ఎక్కువగా డాన్ హెల్మ్స్ వాయించింది. పెడల్స్ లేని రకం. హవాయి నుంచి అమెరికాకు వచ్చింది. తీగలను వేళ్లతో నొక్కరు, మన గోటువాద్యంలో కర్రముక్కను జార్చినట్టు ఇనుప కడ్డీని జారుస్తారు. హెల్మ్స్ పై స్థాయిలో, సన్నగా కోసే స్వరంలో వాయించేవారు. దానికి కారణం ఉంది: హ్యాంక్ గొంతు మధ్య స్థాయిలో ఉంటుంది, అదే స్థాయిలో వాద్యం పలికితే రెండూ ఒకదాన్నొకటి మింగేస్తాయి. చిన్న రేడియో స్పీకర్లలో, జూక్‌బాక్స్‌లలో పై స్వరం బాగా వినబడుతుందని కూడా. గమనించి వినండి: ఆయన పాడుతుంటే స్టీల్ తగ్గుతుంది, పాదం ముగియగానే ఖాళీని నింపుతుంది.

ల్యూక్ ద డ్రిఫ్టర్ ఎవరు?

హ్యాంకే. 1950 నుంచి ఆయన నీతి, విషాదం నిండిన కథనాలను పాడకుండా, వాద్యాల మీద మాటల్లో చెబుతూ కొన్ని రికార్డులు చేశారు. జూక్‌బాక్స్ యజమానులు హ్యాంక్ పేరు చూసి వినకుండానే తెప్పించుకునేవారు. బారులో ఈ ఉపదేశం మోగితే వ్యాపారం పోతుంది. అందుకే వేరే పేరు. గుట్టు మాత్రం ఎవరికీ తెలియనిది కాదు.

"జంబలాయా" కార్పెంటర్స్ పాట కదా?

మన దేశంలో చాలామంది కార్పెంటర్స్ 1973లో పాడిన రూపమే ముందు విన్నారు. అసలు పాట హ్యాంక్ 1952లో పాడారు, 14 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. బాణీ "గ్రాండ్ టెక్సాస్" అనే కేజన్ పాట నుంచి వచ్చింది. కేజన్లంటే లూసియానా బురదనేలల్లో స్థిరపడ్డ ఫ్రెంచి మూలాల జనం. పాటలో వచ్చేవన్నీ వాళ్ల తిండి, వాళ్ల పడవలు. జంబలాయా రొయ్యలు, మాంసం, మిరపకాయలు వేసి ఒకే గిన్నెలో వండే అన్నం. ఫిలే గంబో ఒక చిక్కటి పులుసు, దానికి ఆ చిక్కదనం శాసఫ్రాస్ ఆకు పొడితో వస్తుంది. పిరోగ్ అంటే కర్రతో నెట్టే సన్నటి పడవ.

## చివరి ఏడాది

ఆప్రీ ఆయనను ఎందుకు తీసేసింది?

కచేరీలకు రాకపోవడం, వచ్చినా తాగి రావడం. 1952 ఆగస్టు 11న తొలగించారు. అంతకుముందు 1951 డిసెంబర్‌లో వెన్నుకు శస్త్రచికిత్స జరిగింది. కోలుకునే వ్యవధి లేకుండానే మళ్లీ ప్రయాణాలు. 1952లోనే ఆడ్రీతో విడాకులు. ఆప్రీ పోయాక లూసియానా హేరైడ్‌కు తిరిగి వెళ్లారు. ఆశ్చర్యం ఏమిటంటే, ఆ కూలిపోతున్న రోజుల్లోనే, 1952 సెప్టెంబర్ 23న, ఒకే సెషన్‌లో "యువర్ చీటిన్ హార్ట్", "కా లైజా", "టేక్ దీజ్ చెయిన్స్" పాడారు. గొంతులో ఎక్కడా తడబాటు లేదు. అదే ఆయన చివరి సెషన్.

రెండో పెళ్లికి టికెట్లు అమ్మారట?

అవును. 1952 అక్టోబర్‌లో బిల్లీ జీన్ జోన్స్‌ను పెళ్లి చేసుకున్నారు. మొదట లూసియానాలోని మిండెన్‌లో ఒక న్యాయాధికారి ముందు, మర్నాడు న్యూ ఆర్లీన్స్ మునిసిపల్ ఆడిటోరియంలో టికెట్టు కొన్న జనం ముందు రెండుసార్లు.

ఎలా చనిపోయారు?

1952 డిసెంబర్ 31న వెస్ట్ వర్జీనియాలోని చార్ల్స్‌టన్‌లో, మర్నాడు ఒహైయోలోని క్యాంటన్‌లో కచేరీలు. మంచు తుపానుతో విమాన ప్రయాణం సాగలేదు, చార్ల్స్‌టన్ కచేరీ రద్దయింది. చార్ల్స్ కార్ అనే కాలేజీ కుర్రాడు 1952 మోడల్ క్యాడిలాక్ కారు నడుపుతుండగా హ్యాంక్ వెనక సీట్లో పడుకున్నారు. దారిలో నాక్స్‌విల్ హోటల్లో ఒక వైద్యుడు విటమిన్ బి12తో పాటు మార్ఫిన్ సూదిమందు ఇచ్చాడు. మద్యం, క్లోరల్ హైడ్రేట్ అనే నిద్రమందు అప్పటికే వాడకంలో ఉన్నాయి. జనవరి 1 తెల్లవారుజామున వెస్ట్ వర్జీనియాలోని ఓక్ హిల్ దగ్గర ఆ కుర్రాడు వెనక్కి చూసేసరికి శరీరం చల్లబడి ఉంది. శవపరీక్ష గుండె కుడి జఠరిక వైఫల్యాన్ని కారణంగా చూపింది.

ప్రాణం సరిగ్గా ఏ ఊరి దగ్గర పోయిందన్నది తేలలేదు. హత్య అనే ప్రచారానికి ఆధారం లేదు. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి: ఆయనకు క్లోరల్ హైడ్రేట్ రాసిచ్చిన టోబీ మార్షల్ అసలు వైద్యుడే కాదు, డిగ్రీ కొనుక్కున్న మాజీ ఖైదీ. నొప్పితో ఉన్న మనిషికి సరైన వైద్యం దొరకలేదు. "తాగి చచ్చాడు" అని తేల్చేయడం అన్యాయం.

## ఆయన తర్వాత

చనిపోయాక పుట్టిన కూతురు కథ నిజమేనా?

నిజం. హ్యాంక్‌కు బాబీ జెట్ అనే స్నేహితురాలి వల్ల కలిగిన కూతురు 1953 జనవరి 6న, తండ్రి పోయిన ఐదు రోజులకు పుట్టింది. బిడ్డ పోషణ గురించి హ్యాంక్ అక్టోబర్‌లోనే ఒప్పందం రాయించారు. నానమ్మ లిల్లీ దత్తత తీసుకున్నారు కానీ 1955లో ఆమె కూడా పోవడంతో పాప వేరే కుటుంబానికి దత్తత వెళ్లింది. తండ్రి ఎవరో తెలియకుండానే పెరిగింది. 21 ఏళ్లు నిండినప్పుడు నానమ్మ వదిలిన చిన్న మొత్తం చేతికి రావడంతో ఆరా మొదలైంది. అలబామా సుప్రీంకోర్టు 1989లో ఆమెను వారసురాలిగా గుర్తించింది. జెట్ విలియమ్స్ పేరుతో ఆమె కూడా గాయని.

చెత్తలో దొరికిన రికార్డులంటారు, అవి ఏమిటి?

1951లో మదర్స్ బెస్ట్ అనే పిండి కంపెనీ డబ్ల్యూఎస్‌ఎంలో పొద్దున్నే 15 నిమిషాల హ్యాంక్ కార్యక్రమం నడిపింది. ఆయన ఊళ్లు తిరిగే రోజుల కోసం ముందే పెద్ద డిస్కుల మీద రికార్డు చేసి ఉంచేవారు. తర్వాత స్టేషన్ వాటిని పారేస్తుంటే అక్కడి ఫొటోగ్రాఫర్ లెస్ లెవరెట్ కాపాడారు. హక్కులు ఎవరివన్న వ్యాజ్యం తేలి, 2008 నుంచి విడుదలయ్యాయి. వీటిలో ఆయన మరెక్కడా రికార్డు చేయని భక్తి పాటలు, జానపదాలు ఉన్నాయి. మధ్యలో బ్యాండు వాళ్లతో పరాచికాలు, పిండి ప్రకటనలు. విషాద నాయకుడి బొమ్మ వెనక పని తెలిసిన, నవ్వించగల మనిషి ఉన్నాడని నమ్మాలంటే ఇవి వినాలి.

ఏ గౌరవాలు దక్కాయి?

1961లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన మొదటి ముగ్గురిలో ఒకరు. మిగతా ఇద్దరు జిమ్మీ రోజర్స్, ఫ్రెడ్ రోజ్. 1987లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్. 2010లో పులిట్జర్ ప్రత్యేక ప్రశంస. "కోల్డ్ కోల్డ్ హార్ట్"ను 1951లోనే టోనీ బెనెట్ పాడి పాప్ జాబితాలో మొదటి స్థానానికి తీసుకెళ్లారు. రే చార్ల్స్ 1962లో ఆయన పాటలను ఆర్కెస్ట్రాతో పాడారు.

## వినాలంటే, పాడాలంటే

ఎక్కడ మొదలుపెట్టాలి?

ఈ వరుసలో ఆరు పాటలు వినండి: "హే గుడ్ లుకిన్", "జంబలాయా", "కోల్డ్ కోల్డ్ హార్ట్", "లవ్‌సిక్ బ్లూస్", "ఐయామ్ సో లోన్‌సమ్ ఐ కుడ్ క్రై", "ఐ సా ద లైట్". యాస మొదట కష్టంగా ఉంటుంది. ముందు మాటలు చదివి, తర్వాత వినడం మేలు. పూర్తి సేకరణ కావాలంటే 1998లో పది సీడీలుగా వచ్చిన "ద కంప్లీట్ హ్యాంక్ విలియమ్స్" ఉంది.

ఒకే పాట రెండు చోట్ల రెండు రకాలుగా ఎందుకు ఉంది?

ఆయన పోయాక ఎంజీఎం పాత రికార్డుల మీద వయొలిన్ల గుంపును, కోరస్‌ను అతికించి మళ్లీ అమ్మింది. ఒకే ట్రాక్‌లో (మోనో) పట్టిన శబ్దాన్ని కృత్రిమంగా రెండుగా చీల్చి "స్టీరియో" అని కూడా వేసింది. గొంతు బావిలోంచి వస్తున్నట్టు, చుట్టూ ప్రతిధ్వని ఉంటే అది ఈ రకం. "విత్ స్ట్రింగ్స్" అన్నవి వదిలేయండి, "మోనో" అన్నవి తీసుకోండి.

గిటార్ కొత్తగా నేర్చుకుంటున్నాం. ఏ పాటతో మొదలుపెట్టాలి?

"జంబలాయా". రెండే కార్డులు, సీ, జీ7.

1. సీ కార్డు పట్టి ఐదో తీగను మీటండి, వెంటనే కింది సన్నని నాలుగు తీగలను ఒక్కసారి కిందికి జార్చండి. ఇది "బూమ్-చిక్".
2. రెండోసారి బాస్‌గా ఐదో తీగకు బదులు, ఉంగరం వేలును ఆరో తీగ మూడో ఫ్రెట్‌కు మార్చి దాన్ని మీటండి.
3. జీ7కు ఆరో తీగ, తర్వాత ఖాళీ నాలుగో తీగ.
4. మెట్రోనోమ్‌ను 80 దగ్గర పెట్టి, కార్డు మారేచోట ఆగకుండా వచ్చేదాకా వేగం పెంచకండి.

ఎక్కువమంది చేసే తప్పు, ఆరు తీగలనూ ఒకే బలంతో బాదడం. అప్పుడు బాస్ దెబ్బ మునిగిపోయి నడక పోతుంది. "చిక్"ను తేలిగ్గా కొట్టి, ఎడమచేతి వేళ్లు కాస్త వదులు చేస్తే మోత వెంటనే ఆగుతుంది. రెండో పాటగా "హే గుడ్ లుకిన్" పట్టండి: సీ, డీ7, జీ7, మధ్య భాగంలో ఎఫ్.

ఆయన గొంతు విరిచినట్టు పాడతారే, అది ఎలా వస్తుంది?

అది యోడెల్ విరుపు. ఛాతీ నుంచి వచ్చే గొంతు, తలలోంచి వచ్చే సన్నని గొంతు మధ్య ఒక మెట్టు ఉంటుంది. మామూలు శిక్షణ ఆ మెట్టు కనబడకుండా నున్నగా చేయమంటుంది. యోడెల్‌లో ఆ మెట్టునే వినిపించాలి. సుఖంగా పలికే స్వరం మీద "ఓ" అని, తర్వాత నాలుగైదు స్వరాల పైకి "ఈ" అని ఒక్కసారి దూకండి. మధ్యలో జారకూడదు. మొదటి గొంతునే బలవంతంగా పైకి తోస్తే విరుపు రాదు, గొంతు రాసుకుపోతుంది. మంట అనిపిస్తే ఆ రోజుకి ఆపేయాలి.

ఈ పాటలు పాడి యూట్యూబ్‌లో పెట్టవచ్చా? కాపీరైట్ ఉందా?

భారత చట్టంలో పాటకు రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ల రక్షణ. హ్యాంక్ ఒక్కరే రాసిన పాటలకు అది 2013తో, ఫ్రెడ్ రోజ్‌తో కలిసి రాసినవాటికి రోజ్ 1954లో పోయారు కాబట్టి 2014తో ముగిసింది. అమెరికాలో లెక్క వేరు. ప్రచురణ నుంచి 95 ఏళ్లు, అంటే 1952 నాటి "జంబలాయా"కు 2047 చివరి దాకా. యూట్యూబ్ ప్రపంచమంతా కనబడుతుంది కాబట్టి, హైదరాబాద్‌లో కూర్చుని మీరే పాడినా ప్రచురణకర్త తరఫున క్లెయిమ్ రావచ్చు, ప్రకటనల ఆదాయం వాళ్లకు పోవచ్చు. అసలు రికార్డింగును వాడడం ఇంకా చిక్కు. 2008 తర్వాత విడుదలైన రేడియో రికార్డింగులకు భారత్‌లో కూడా రక్షణ ఉంది. వ్యాపార ప్రకటనలో, సినిమాలో వాడాలంటే న్యాయవాదిని అడిగే వాడండి.

## చూడాలంటే

అట్లాంటాలో ఉంటాం. వారాంతంలో వెళ్లి చూడదగ్గవి ఏమున్నాయి?

మాంట్‌గొమరీ సుమారు 160 మైళ్లు, ఐ-85 మీద రెండున్నర గంటలు. అలబామాలో గడియారం గంట వెనక, కాబట్టి వెళ్లేటప్పుడు గంట కలిసొస్తుంది, తిరుగు ప్రయాణంలో పోతుంది. కామర్స్ స్ట్రీట్‌లోని హ్యాంక్ విలియమ్స్ మ్యూజియంలో ఆయన చివరి ప్రయాణం చేసిన క్యాడిలాక్, సూట్లు ఉన్నాయి. సమాధి ఓక్‌వుడ్ అనెక్స్ శ్మశానంలో ఉంది, పక్కనే ఆడ్రీది. అభిమానులు గడ్డి పీక్కుపోతుండడంతో సమాధి చుట్టూ కృత్రిమ పచ్చిక పరిచారు.

మాంట్‌గొమరీ నుంచి ఐ-65 మీద 60 మైళ్లు దక్షిణంగా వెళితే జార్జియానా, అక్కడ బాల్యంలో ఉన్న ఇల్లు మ్యూజియంగా ఉంది. చిన్న ఊళ్ల మ్యూజియాలు ఆదివారం మూసి ఉండే అవకాశం ఎక్కువ, ఫోన్ చేసి వేళలు అడిగాకే బయల్దేరండి. శనివారం జార్జియానా, ఆదివారం మాంట్‌గొమరీ అన్న క్రమమే అనుకూలం. రైమన్ ఆడిటోరియం చూడాలంటే మాత్రం నాష్‌విల్ వెళ్లాలి. అది మాంట్‌గొమరీకి ఉత్తరాన 280 మైళ్లు, దానికి వేరే వారాంతం పెట్టుకోండి.